పేర్లు పట్టిన నక్క

పలుకుకొండ అడవిలో ఒక వింత ఉంది. తెల్లవారుతుండగా బండ మీద నిలబడి ఏ పేరు పిలిచినా, ఎదుటి కొండ ఆ పేరును తిరిగి పలుకుతుంది. లోయంతా ఆ పేరుతో నిండిపోతుంది. పాలు తాగుతున్న జింకపిల్ల కూడా తల ఎత్తుతుంది. మొదటిసారి విన్న జంతువు ఏదైనా కాళ్లు కదపలేక నిలబడిపోవాల్సిందే.

అందుకే అక్కడొక కట్టుబాటు పుట్టింది. కొండ ఎవరి గొంతుకు పలికితే ఆ పేరు వాళ్లది. కానీ రోజూ ఎండ బండను తాకేలోపు దాన్ని మళ్లీ పిలవాలి. ఒక్క పూట తప్పితే ఎవరైనా పట్టుకోవచ్చు. దీనికంతటికీ ముసలి కొండముచ్చు సాక్షి. దూరం నుంచి వచ్చిన మందలు ఫలానా చోటు ఎక్కడని అడిగితే, ఆ పేరు ఎవరిదో వాళ్ల దగ్గరికి పంపేదీ అదే. చిరుత భయంతో బతికే దుప్పులు కొండముచ్చు మాట తప్ప ఇంకెవరి మాటా నమ్మవు.

ముళ్లపంది ఈరమ్మకు ఉన్నది ఒకే పేరు, తీపిచెలమ. ఎండిన వాగు ఇసుకలో తన గోళ్లతో తవ్వుకున్న నీటి గుంట అది. వేసవిలో దుప్పులు అక్కడ నీళ్లు తాగి, కొమ్ములు రాల్చి పోయేవి. ఆ కొమ్ములు కొరికితేనే పిల్లలకు ముళ్లు గట్టిపడతాయి. ముళ్లు మెత్తగా ఉన్న పిల్ల చిరుతకు ఒక్క ముద్ద.

ఆ యేడు ఈరమ్మ ఈనిన పొద్దున బండకు రాలేకపోయింది. నక్క వచ్చి తీపిచెలమ అని పిలిచింది. కొండ పలికింది. అంతే.

మొదటి మంద రాగానే కొండముచ్చు నక్క దగ్గరికి పంపింది. అక్కడ బురదగుంట చూసి దుప్పులు మొహం తిప్పుకుని ఏటివైపు వెళ్లిపోయాయి. కొన్నాళ్లకు ఇంకో మంద వస్తుందని, ఈ వేసవికి అదే ఆఖరిదని కాకి చెప్పింది.

ఈరమ్మ పరుగున పోయింది. "నక్కన్నా, ఆ పేరు నాది. ఇచ్చెయ్."

"నీదెట్లా అవుతుంది చెల్లమ్మా? కొండనడుగు. కావాలంటే కొనుక్కో. నీ చెలమ నాకిచ్చి పేరు తీసుకో."

"చెలమ ఇచ్చేశాక పేరు నేనేం చేసుకోను?"

"అది నీ బాధ."

నక్క దగ్గర ఆ ఒక్క పేరే కాదు. చల్లనీడ, తేనెతొర్ర, నేరేడుదిబ్బ, ఇంకా ఎన్నో. ఏనుగు విడిది అని కూడా ఒకటి ఉంది. ఆ అడవిలో ఏనుగును చూసిన ప్రాణి లేదు.

"ఏనుగు ఎప్పుడొస్తుందయ్యా?" అంది నక్క పెళ్లాం.

"వస్తే విడిది అక్కర్లేదా?"

"విడిది ఎక్కడుంది?"

"పేరుంది కదే."

"మన బొరియ కప్పు కూలింది. మట్టి ఎత్తిపోసే తీరిక లేదు నీకు. నువ్వెవరో పిల్లలకు నేను చెప్పాల్సి వస్తోంది."

నక్క వినలేదు. మర్నాడు పిలవాల్సిన పేర్లు వల్లె వేసుకుంటోంది.

ఆ శ్రమ అంతా ఇంతా కాదు. చీకట్లో లేచి పేరు వెంట పేరు పిలిచేది. కొండ పేరు వెంట పేరు పలికేది. అడవి అడవంతా చెవులొగ్గి వినేది. పగలంతా బేరాలు, సాయంత్రం దాకా మర్నాడు ఎవరు బండకు రాలేకపోతారా అని కాపు. వేట లేదు, కునుకు లేదు. అంత కాలం పెడితే వాగు పొడుగునా చెలమలు తవ్వొచ్చు. ఒక ప్రాణి తన బతుకును ఇంతింత చొప్పున ఉత్త శబ్దానికి ధారపోయగలదా అని ఈరమ్మ కూడా నివ్వెరపోయింది. నివ్వెరపోతూనే ఒకటి కనిపెట్టింది. ఆఖరి పేర్లకొచ్చేసరికి నక్క గొంతు జీరపోతోంది.

నక్కకు వినపడేలా కొండముచ్చుతో అంది: "తాతా, పోయిన పేరు పోయింది. రేపు తియ్యచెలమ అని పిలుచుకుంటాను."

మర్నాడు దాన్నీ నక్కే పిలిచింది.

"సరే తాతా, తేటనీళ్లు అని పెట్టుకుంటా."

అదీ నక్క పాలయింది. ఇసుకూట కూడా అంతే.

"నీకు తట్టేవి నాకు ముందే తడతాయి చెల్లమ్మా," అని నవ్వింది నక్క.

"నీ బుర్రే బుర్ర అన్నా. ఈ వాగులో పేరు లేని రాళ్లు ఎన్ని పడి ఉన్నాయో, ఎవరికీ పట్టినట్టు లేదు."

నక్క కళ్లు మెరిశాయి. ఆ రోజు నుంచి రాయికో పేరు, మలుపుకో పేరు.

కొండముచ్చు గొణిగింది: "ఎందుకే పిల్లా, అన్నీ వాడి నోట్లో పోస్తావు?"

"పట్టినన్ని పట్టనీ తాతా. నోరు వాడిదేగా."

మంద లోయ అంచుకు చేరిన పొద్దున నక్క బండెక్కింది. కొత్తవి ఎవరైనా ఎత్తుకుపోతారేమోనని వాటితోనే మొదలుపెట్టింది. పిలిచింది, పిలిచింది. ఎండ కొండ దిగి వస్తోంది. నక్క గొంతు బొంగురుపోయింది, తర్వాత గాలి మాత్రమే వచ్చింది. కొండ గాలికి పలకదు. అన్నాళ్లూ మోగిన లోయ ఒక్కసారిగా మూగబోయింది. ఆ నిశ్శబ్దానికి పక్షులు కూడా కొమ్మల మీద బిగుసుకుపోయాయి.

ఎండ బండను తాకింది.

"తీపిచెలమ పిలవలేదు," అంది కొండముచ్చు. "ఇక ఎవరైనా పిలవొచ్చు."

ఈరమ్మ బండెక్కి ఒక్కసారి పిలిచింది. కొండ ఎంత నిండుగా పలికిందంటే లోయ అంచున దుప్పులన్నీ ఒకేసారి తలలెత్తాయి. కొండముచ్చు వాటి ముందు నడిచి చెలమకు దారి చూపింది. నాలుగు రోజులకు ఇసుక మీద కొమ్ములు రాలాయి, పిల్లలు కరకరా కొరికాయి. బండ మీద నక్క నోరు తెరుస్తూనే ఉంది, మూస్తూనే ఉంది. వదిలేసిన పేర్లను ఎవరూ ఎత్తుకోలేదు.

పేర్లకు కాపలా కాయడంలోనే కాలమంతా పోసినవాడికి, పేరు పెట్టుకోదగ్గ పని ఒక్కటీ మిగలదు.