పడవెక్కని ఎల్లాజీ

డాక్టర్ కూర్మారావు గారిని ప్రశ్న అడిగితే తిన్నగా జవాబు చెప్పరు. "రేపు పొద్దున్న ఖాళీయేనా?" అంటారు. ఆయన దగ్గర ఇరవై రెండేళ్ళు కాంపౌండరుగా చేసిన నాకు ఆ మాట వింటే నవ్వొచ్చేది. ఎవరికో పాపం, చెప్పులరిగే రోజు వచ్చిందన్నమాట.

ఆసారి అడిగింది మృణాళిని. కొత్తగా వచ్చిన డాక్టరమ్మ, ఆయన శిష్యురాలు. మూర్ఛరోగుల లెక్క తీయడానికి నాలుగు నెలలపాటు, మా ఆస్పత్రి వీధి మొదలుకొని సముద్రపుటొడ్డు పేటల దాకా గడప గడపా ఎక్కి దిగింది. ఆరువేల మందిలో తేలింది ముగ్గురు. ఆ లెక్కను బట్టే మా ఆస్పత్రికి ఏడాదికి మాత్రలు పంపుతారు. అంటే ముగ్గురికే.

"సార్, ఈ జబ్బు మనవాళ్ళకి నిజంగా ఇంత తక్కువా? నేనే ఎక్కడో తప్పు చేశానా?" అని అడిగింది. ఏడుపొక్కటే తక్కువ.

"రేపు పొద్దున్న ఖాళీయేనా?" అన్నారు గురువుగారు.

మర్నాడు ముగ్గురం ఒక జాలరిపేటకి వెళ్ళాం. ఆ అమ్మాయి అలవాటు చొప్పున ఫారాల సంచీ భుజాన వేసుకుని ఇళ్ళవైపు నడవబోతే, ఆయన ఆపి ఒడ్డుకి తీసుకుపోయారు. పడవలు తెల్లారకముందే వేటకి వెళ్ళిపోయాయి. ఒడ్డున మిగిలింది ముసలివాళ్ళూ, ఆడవాళ్ళూ. వాళ్ళ మధ్య వల బాగుచేసుకుంటూ పాతికేళ్ళ మనిషి ఒకడు, దుక్కలా ఉన్నాడు. పేరు ఎల్లాజీ.

"ఈ వయసులో ఒడ్డున కూచున్నాడేమమ్మా?" అని, పక్కనే చేపలు ఎండబెడుతున్న వాడి తల్లి పోలమ్మని అడిగారు గురువుగారు.

"ఆడికి సముద్రమంటే బయం బాబూ" అంది పోలమ్మ. ముసలివాళ్ళు కిసుక్కున నవ్వారు. జాలరివాడికి అంతకంటే తలవంపులు లేవు. ఎల్లాజీ తలెత్తలేదు. వాడి ముంజేతి మీద ఎప్పుడో కాలిన పెద్ద మచ్చ ఉంది. మృణాళిని సంచీలోంచి ఆ ఇంటి ఫారం తీసి చూసింది. మూర్ఛ దగ్గర 'లేదు' అని ఉంది.

గురువుగారు ఇసుకలో చతికిలబడ్డారు. గంటసేపు చేపల సంగతీ, గాలివాటం సంగతీ, పేటలో అమ్మవారి పండగ సంగతీ. వినీ వినీ నాకే విసుగేసింది. ముసలివాళ్ళూ, మిగతా ఆడవాళ్ళూ ఒక్కొక్కరే లేచిపోయాక, మెల్లిగా అన్నారు: "పోలమ్మా, పడవెక్కనంటున్నది వాడా, ఎక్కనివ్వనిది నువ్వా?"

పోలమ్మ చేతిలోని చేపల్ని కింద పెట్టేసింది. తర్వాత ఒక్కసారిగా భోరుమంది.

"నడిసముద్రంలో ఆడు గిలగిల్లాడి పడిపోతే నాకెవులు తెచ్చిస్తారు బాబూ? పిరికోడని నవ్వితే నవ్వనీ. ఆ రోగం పేరు బయటపడితే ఆడినింక మనిసిగా సూడరు. మీలాటి పెద్దోళ్ళకేటి తెలుస్తాది!"

గురువుగారు జేబులోంచి మాత్రల అట్ట తీశారు. చెంబుతో నీళ్ళడిగి, ఆవిడ చూస్తుండగానే ఒకటి వేసుకున్నారు.

"ఇది ఆ రోగానికేనమ్మా. నా పంతొమ్మిదో ఏట మొదలుపెట్టాను. నేను పడిపోయి పాతికేళ్ళు దాటింది" అన్నారు.

నేను నోరు వెళ్ళబెట్టాను. ఇన్నేళ్ళు పక్కనుండి మందులు కట్టినవాణ్ణి, నాకే తెలీదు! ఎల్లాజీ వల పక్కన పడేసి ఆయన్ని ఎగాదిగా చూశాడు. "అయితే నాను కూడా వేటకెళ్ళొచ్చా?" అన్నాడు. "ముందు మాత్రలు వేసుకో. ఎప్పుడెళ్ళాలో నేను చెబుతాను" అన్నారు గురువుగారు.

పోలమ్మ కళ్ళు తుడుచుకుని లేచి మమ్మల్ని ఇంట్లో కూర్చోబెట్టింది. కాసేపటికి రెండిళ్ళ అవతలి కోడల్ని చెయ్యిపట్టుకుని తీసుకొచ్చింది. "ఈ పిల్లని పొయ్యికాడికి పోనివ్వరు బాబూ. దీన్నీ సూడు" అంది. ఆ తర్వాత ఇంకొకరు. మధ్యాహ్నానికి ఆ ఒక్క పేటలోనే ఏడుగురు తేలారు. నిజం చెప్పొద్దూ, నాకు ఆ పూట అన్నం తినకుండానే కడుపు నిండింది.

మృణాళిని మాత్రం రాస్తూ రాస్తూ ఆగింది. "సార్, మీ ఇంటికి కూడా వచ్చాను కదా. లేదని మీరే చెప్పారు" అంది.

గురువుగారు పంచెకంటిన ఇసుక దులుపుకున్నారు.

"భయమేసిందమ్మా" అన్నారు. "ఇప్పుడు రాసుకో."