తెల్లనెత్తురు చేప, నూకరత్నం

అనగనగా సముద్రం ఒడ్డున ఒక జాలరిపేట. ఆ పేటలో నూకరత్నం అని ఒక పిల్ల ఉండేదమ్మా. వలలు అల్లే ఇంట్లో పుట్టి, పెద్దయ్యాక చేపల చదువు చదువుకుంది. ఆ చదువే ఆ పిల్లని ఓడెక్కించి, దక్షిణాన ఎక్కడో ఉన్న మంచు సముద్రానికి తీసుకెళ్ళింది.

అక్కడ చలి ఎంతంటే, వదిలిన ఊపిరి కనురెప్పల మీద మంచయి కూర్చునేది. నూకరత్నం మూడు స్వెట్టర్లు తొడుక్కుని కూడా పళ్ళు టకటకలాడిస్తూ తిరిగేది.

ఒకరోజు చీకటి లోతుల్లోంచి వల పైకి లాగారు. అందులో మూడు చేపలున్నాయి. పొలుసుల్లేవు, ఒళ్ళు పాలిపోయి ఉంది. మొప్పలు కూడా తెల్లగానే ఉన్నాయి. ఎర్రమొప్పలు లేని చేపని నూకరత్నం ఎన్నడూ చూడలేదు.

ఓడలో ఆ చదువుకి పెద్దాయన శరభయ్యగారు. "వీటిని బతికించు తల్లీ. ఇంత చలిలో ఎలా ఉంటున్నాయో చూసి వదిలేద్దాం" అన్నారు.

అప్పుడు నూకరత్నానికి జాలేసింది. పాపం, చలికి పాలిపోయాయనుకుంది. ఒకదాన్ని గోరువెచ్చని ఉప్పునీళ్ళలో వేసింది. అది నోరు తెరిచి తెరిచి, కాసేపటికే వెల్లకిలా తేలింది.

ఆ తర్వాత రెండోదాన్ని సముద్రపు నీళ్ళలోనే ఉంచింది. కానీ తొట్టిని వంటగదిలో పెట్టింది. భోజనాలయ్యేసరికి పొయ్యి సెగకి నీళ్ళ చల్లదనం విరిగింది. అదీ పోయింది.

నూకరత్నం తొట్టి పక్కనే కూలబడి ఏడ్చింది. "నేనే చంపేశాను సార్" అంది.

శరభయ్యగారు ఆ చేప నెత్తురు ఒక చుక్క తీసి చూపించారు. మంచినీళ్ళలా ఉంది. "చల్లటి నీళ్ళలో గాలి బాగా కరిగి ఉంటుంది. అందుకే ఎర్రనెత్తురు లేకపోయినా దీనికి ఊపిరాడుతుంది. గడ్డకట్టకుండా కాచే మందు దీని ఒంట్లోనే ఊరుతుంది. నీకు చలేస్తోందని దీనికీ వేస్తుందనుకున్నావు. నీళ్ళు వెచ్చబడితే గాలి చాలక పోతుందమ్మా" అన్నారు.

నూకరత్నం కళ్ళు తుడుచుకుంది. వేరే గదిలో ఇంకా బతికే ఉన్న మూడో చేప తొట్టిని బయటికి, చలిగాలిలోకి ఈడ్చుకెళ్ళింది. వెలుతురు పడకుండా పైన నల్లగుడ్డ కప్పింది. బకెట్టు వెంట బకెట్టు మంచునీళ్ళు తోడి పోసింది. వేళ్ళు నీలిరంగుకి తిరిగాయి.

వంటాయన వచ్చి, "లోపలికి రావే, కొయ్యబారిపోతావు" అన్నాడు.

"ఇంకొక్క బకెట్టు బాబాయ్" అంది. అలా ఎన్ని బకెట్లు తోడిందో ఎవరూ లెక్కపెట్టలేదు.

సాయంత్రానికి ఆ తెల్లమొప్పలు నెమ్మదిగా, హాయిగా ఆడాయి.

శరభయ్యగారు చూడాల్సింది చూసి, రాసుకోవాల్సింది రాసుకున్నారు. అప్పుడు నూకరత్నం చేపని ముట్టుకోలేదు. చేతి వేడి తగులుతుందేమోనని, తొట్టికే తాళ్ళు కట్టి సముద్రంలోకి దించింది. చేప ఒక్క క్షణం కదలకుండా ఉండి, నెమ్మదిగా ఆ చీకట్లోకి దిగిపోయింది.

"వెళ్ళిపోయిందా?" అన్నారు శరభయ్యగారు.

"ఇల్లు చేరింది సార్" అంది నూకరత్నం. ఖాళీ తొట్టిని పైకి లాగి, లోపలికెళ్ళి దుప్పటి కప్పుకుంది.

చేప చేరె చల్లని లోతుకి,
పాప చేరె వెచ్చని దుప్పటికి,
కథ సాగె కంచి దారికి,
మనం సాగాలి నిద్దర ఊరికి.