బోయీ కథలో మరిచిన మాట

జ్ఞాపకం చెడిన హరిదాసు ఇంకా గజ్జె కట్టడం జనాన్ని మోసం చేయడం కాదా అని భీమశంకరం తన గురువును అడిగాడు. అడిగినవాడికి అరవై మూడేళ్ళు. విన్న సాంబమూర్తి దాసుగారికి ఎనభై ఆరు. ఏ ప్రశ్నకూ వెంటనే జవాబు చెప్పడం దాసుగారికి అలవాటు లేదు. భోజనం చేశావా అని అడిగారు. చేయలేదంటే, ముందు ఆ పని చూసుకోమన్నారు.

భీమశంకరానికి ముద్ద దిగలేదు. కిందటి వారం పొరుగూళ్ళో కథ చెబుతూ కథానాయకుడి తండ్రి పేరే మరిచిపోయాడు. ఇలాంటి ఇరకాటానికి హరిదాసుల దగ్గర ఒక పాత ఉపాయం ఉంది. చిడతలు పైకెత్తి, భక్తులందరినీ ఒక్కసారి గోవిందా అనమంటారు. జనం గొంతెత్తి అనేలోపు మాట గుర్తుకొస్తుంది. చెయ్యి తిరిగినవాళ్ళు కథకు ఒకసారో రెండుసార్లో వాడుకుంటారు. ఆ రోజు భీమశంకరం పదకొండుసార్లు వాడాడు. ఇంత భక్తిగా సాగిన కథ ఈమధ్య వినలేదని ఊరి పెద్దలు శాలువా కూడా కప్పారు. ఆ శాలువాతోనే ఇంటికి వచ్చి, ఇక కథ చెప్పకూడదని తీర్మానించుకున్నాడు. సోమవారానికి ఒప్పుకున్న కథ మానుకుంటున్నానని కబురు చేసే ముందు గురువు చెవిన వేసి పోదామని వచ్చాడు. పదహారో ఏట నుంచి అతనికి తెలిసిన విద్య అదొక్కటే. అది వదిలేశాక తాను ఎవరో, పొద్దున్నే లేచి ఏం చేయాలో ఊహించుకోవడానికే భయంగా ఉంది.

కార్తీకం ఆఖరి రోజులు. మధ్యాహ్నం ఎండ కూడా హాయిగా ఉంది. దాసుగారు అరుగు మీద కాళ్ళు చాపుకుని, మోకాళ్ళకు ఎండ తగిలేలా కూర్చున్నారు. ఎదురుగా చేలల్లోంచి రైతులు నీళ్ళు తీసేస్తున్నారు. ఏడాది మొత్తంలో ఈ నాలుగు రోజులంటేనే తనకు ఇష్టమని, పైరు ఇంక ఎదగాల్సిన పని లేదని, గింజ గట్టిపడితే చాలునని ఆయన అన్నారు. తన ఒంటి సంగతీ చెప్పుకొచ్చారు. ముందు మోకాళ్ళు సెలవు పుచ్చుకున్నాయట, తర్వాత పళ్ళు, ఇప్పుడు మనుషుల పేర్లు ఒక్కొక్కటే లేచి వెళుతున్నాయట. పండక్కి వచ్చిన చుట్టాలు తిరుగు ప్రయాణమైనట్టు చెప్పారు. సొంత జబ్బుల గురించి ఇంత కులాసాగా మాట్లాడే మనిషిని భీమశంకరం ఇంకొకరిని చూడలేదు. కానీ తన ప్రశ్నకు జవాబు మాత్రం రాలేదు.

"సాయంత్రం సత్రంలో నా కథ ఉంది. పక్కన కూర్చుని తాళం వెయ్యి," అన్నారు దాసుగారు.

ఆయన ఇప్పుడు ఏడాదికి ఒక్క కథే చెబుతారు, అదీ కుర్చీలో కూర్చుని. తాను వయసులో ఉండగా కట్టిన పల్లకీ బోయీ కథ అది. నలభై ఏళ్ళు స్వామి పల్లకీ మోసిన లింగన్న భుజం పడిపోతుంది. రేపటి ఊరేగింపుకు రావద్దని దేవస్థానం వాళ్ళు కబురు చేస్తారు. లింగన్న తలుపు మూసుకుని చీకట్లో కూర్చుంటాడు. మర్నాడు మేళం అతని వీధిలోకే తిరుగుతుంది. భార్య వచ్చి అతని పక్కన నిలబడి ఒక మాట అంటుంది.

దాసుగారు అక్కడిదాకా వచ్చి ఆగిపోయారు. ఆ మాట రాలేదు. మృదంగం మరో రెండు ఆవర్తాలు వాయించి చూసి తనూ ఆగింది. ఈ కథ భీమశంకరం వందసార్లు విన్నాడు, అయినా ఆ క్షణాన అతనికీ తట్టలేదు. గురువు పరువు దక్కించాలని చిడతలు పైకెత్తి గోవిందా అనబోయాడు. దాసుగారు అతని చెయ్యి పట్టుకుని మెల్లగా కిందికి దించారు. తర్వాత జనం వైపు తిరిగి చేతులు జోడించారు.

"అమ్మలారా, అయ్యలారా, ఇక్కడ బోయీ పెళ్ళాం ఒక మాట అంటుంది. అది నేను మరిచిపోయాను. మీలో ఎవరికైనా గుర్తుందా?"

భీమశంకరం సిగ్గుతో తల దించుకున్నాడు. అప్పుడు స్తంభం దగ్గర నుంచి సూరాయమ్మ అనే ముసలామె లేచింది. కొబ్బరి పీచుతో తాళ్ళు పేనుకుని బతికే మనిషి, ఏటా ఈ కథకు వచ్చి అక్కడే కూర్చుంటుంది.

"నాకు గుర్తుందండి దాసుగారూ. 'ఇన్నేళ్ళూ మోశావు గానీ, ఆయన మొకం ఎప్పుడైనా చూశావా మావా? నీ భుజమ్మీదే ఉన్నాడు కదా, ఎలా చూస్తావు? లే, ఇయ్యాళ వాకిట్లో నిలబడి చూడు' అందండి."

ఆమె ఆ మాటల్ని అప్పజెప్పలేదు. తన ఇంట్లో తన పెనిమిటితో అన్నట్టే అంది. దాసుగారు కుర్చీలో ముందుకు వంగి, చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని విన్నారు. ఆ తర్వాత ఏమైందమ్మా అని ఆత్రంగా అడిగారు. పక్కనున్న రైతు అందుకున్నాడు, అతని వెనక మరొకామె. బోయీ తలుపు తీయడం, పల్లకీ అతని వాకిట ఆగడం, నలభై ఏళ్ళకు స్వామిని ఎదురుగా చూసి అతను బావురుమనడం, అంతా జనమే చెప్పారు. దాసుగారి చెంపల మీద కన్నీళ్ళు కారుతున్నాయి. ఆయన తుడుచుకోలేదు. ఇలాంటి మనిషి దగ్గర తాను నలభై ఏడేళ్ళు శిష్యరికం చేశానా అని భీమశంకరం ఒళ్ళు పులకరించింది.

కథ అయ్యాక గురువును చెయ్యి పట్టి ఇంటికి నడిపించుకు వచ్చాడు. సోమవారం కథ మానుకునే సంగతి ఎత్తలేదు. అరుగెక్కాక మాత్రం ఉండబట్టలేక అడిగాడు.

"ఆ మాట కట్టింది మీరే గదా గురువుగారూ, అంతగా ఏడ్చారేం?"

దాసుగారు మోకాలు పట్టుకుని నెమ్మదిగా కూర్చున్నారు.

"కట్టాను. అరవై ఏళ్ళు చెప్పాను. వినడం ఇవాళేగా, నాయనా."