మజ్జిగలో ఉప్పు, ఫొటోలో ఎరుపు

భార్గవకి ఒకటే చిక్కు. కంప్యూటర్‌లో చక్కగా కనబడే ఫొటో కాయితం మీదకి వచ్చేసరికి ఎర్రగా మారిపోతోంది.

అనకాపల్లి దగ్గర కొండ కింద వాళ్ల ఆశ్రమం. అక్కడ చిన్న ప్రింటింగ్ గది ఉంది. డిగ్రీ అయ్యాక ఈమధ్యే చేరిన భార్గవ కంప్యూటర్ చూసుకుంటాడు. ఎప్పట్నించో ఉన్న నూకరాజు ప్రింటర్ చూసుకుంటాడు. ఇద్దరికీ గురువు విశాలమ్మగారు.

ఆ పొద్దున పైడితల్లి అనే ఆవిడ వచ్చి కూర్చుంది. కూతురు పోయి ఏడాది కావస్తోంది. ఫోన్‌లో మిగిలిన ఒకే ఒక్క ఫొటో పెద్దది చేయించుకుని, సాయంత్రం బస్సుకి వెళ్లిపోవాలి.

భార్గవ ఆ కాయితానికి తగ్గ కలర్ ప్రొఫైల్, అంటే దాని మీద రంగులు ఎలా పడతాయో చెప్పే ఫైలు, వెతికి పెట్టాడు. దాంతో రంగులన్నీ సరిచేసి ప్రింట్ ఇచ్చాడు.

పైడితల్లి ఫొటో అందుకుని చాలాసేపు చూసింది. ఎరుపు ఏమైనా పోతుందేమోనని పైటచెంగుతో ఆ బుగ్గలు తుడిచింది. పోలేదు.

"మా పాప చామనఛాయ బాబూ..." అని, భార్గవ ముఖం చూసి ఆగిపోయింది. "పర్లేదులే. బాగానే ఉంది. ఇదే పట్టుకెళ్తాను."

భార్గవ చెవులు వేడెక్కాయి. గిరుక్కున నూకరాజు వైపు తిరిగాడు.

"నా దగ్గర అంతా కరెక్టుగానే ఉంది. నీ మిషన్ దగ్గరే తగలడుతోంది! నీ మోటుచేతికి ఇది అప్పజెప్పడమే తప్పు!"

నూకరాజు తల దించుకుని తువ్వాలుతో చేతులు తుడుచుకున్నాడు. అవి శుభ్రంగానే ఉన్నాయి.

గుమ్మంలో విశాలమ్మగారు నిలబడి ఉన్నారు.

"వేళయింది, భోజనానికి రండి. నువ్వూ రామ్మా పైడితల్లీ."

వంటింట్లో మజ్జిగ గిన్నె చూపించి, "ఉప్పు వెయ్యి నాయనా," అన్నారు భార్గవతో. సరిపడా తీసి వేసి కలిపాడు.

కాళ్లు కడుక్కుని నూకరాజు వచ్చాడు. "మజ్జిగలో ఉప్పు వెయ్యి నూకరాజూ," అన్నారు.

"అమ్మా, నేను ఇందాకే..."

విశాలమ్మగారు వేలెత్తి ఆగమన్నారు. నూకరాజూ సరిపడా తీసి వేశాడు.

మొదటి గ్లాసు భార్గవకే ఇచ్చారు. ఒక్క గుక్క తాగాడు. మింగలేడు, అమ్మగారి ముందు ఉమ్మలేడు.

"ఇద్దర్లో ఎవరు తప్పు వేశారు నాయనా?"

భార్గవ గ్లాసు కింద పెట్టాడు. లేచి ప్రింటింగ్ గదిలోకి వెళ్లాడు. వెనకాలే నూకరాజు వచ్చాడు.

"అన్నా... ప్రింటర్ కూడా రంగులు సరిచేస్తుందా?"

"చేస్తాది. ఎప్పుడూ ఆన్‌లోనే ఉంటాది. లేకపోతే ఇదివరకు బొమ్మలు పాలిపోయి వచ్చీవి."

"నాకు చెప్పలేదేం?"

"నువ్వెప్పుడు అడిగావు?"

భార్గవ కంప్యూటర్ ముందు కూర్చున్నాడు. "అది తీసెయ్ అన్నా. నేనిక్కడ సరిచేసేశాను," అన్నాడు.

ఈసారి వచ్చిన ఫొటోని పైడితల్లి తుడవలేదు. బుగ్గ మీద వేలు పెట్టి, "ఎండలో తిరగొద్దే అంటే వినేది కాదు. చూడు, ఎలా కమిలిపోయిందో," అంది.

"అన్నా, పొద్దున నేను..." అన్నాడు భార్గవ.

"బస్సు టైమైపోతోంది, ముందు ఫొటోకి అట్ట కట్టు," అన్నాడు నూకరాజు.

రాత్రి భోజనాల దగ్గర భార్గవ చెయ్యి ఉప్పు డబ్బాలోకి వెళ్లి ఆగింది.

"అన్నా, మజ్జిగలో ఉప్పు వేశావా?"

"లేదు. నువ్వే వెయ్యి."

విశాలమ్మగారు తన గ్లాసు ముందుకి చాపారు.