రంగం వెళ్ళిన నూకాలు ఇల్లు

అనగనగా, సముద్రపు గాలి నేరుగా వంటింట్లోకి వచ్చే ఒక ఊళ్ళో నూకాలని ఒకావిడ ఉండేది. ఊ కొట్టండర్రా, ఊ కొట్టకపోతే కథ దారి తప్పిపోతుంది. ఆఁ, అలాగ.

నూకాలూ, వాళ్ళాయన అప్పలసూరీ రెక్కలు ముక్కలు చేసుకుని ఒక పెంకుటిల్లు కట్టుకున్నారు. గోడలకి మట్టి తనే తొక్కింది, పెరట్లో పనస మొక్క తనే నాటింది. పిల్లాజెల్లా లేరేమో, ఆ ఇంటినే కన్నబిడ్డలా చూసుకునేది.

ఒక ఏడు వానల్లేవు, తిండికి కటకట. అప్పట్లో అలాంటి కరువొస్తే మనవాళ్ళు ఓడెక్కి రంగం పోయేవారు. రంగమంటే రంగూను, సముద్రానికి ఆవలి ఒడ్డు. నా చిన్నప్పుడు రంగం నుంచి వచ్చినవాళ్ళు రేకు పెట్టె తెరిస్తే వీధి పిల్లలమంతా మూగేవాళ్ళం. ఆ పెట్టె వాసన ఇప్పటికీ నా ముక్కుకి తెలుసు. సరే, వీళ్ళూ అక్కడ బియ్యం మిల్లులో పనికెళ్ళారు. ఇంటికి తాళం వేశారుగానీ ఎవరికీ అప్పగించలేదు. తాళం ఉందిగా, తొందరగా వచ్చేస్తాంగా అనుకుంది నూకాలు.

తొందరగా అన్నది కాస్తా ఏళ్ళూ పూళ్ళూ అయింది. అక్కడ వాన కురిస్తే, మా ఇంటి చూరు కారుతోందేమో అనుకునేది. ఎండ కాస్తే, మా పనస కాపుకొచ్చిందేమో, ఎవరు తింటున్నారో అనుకునేది.

ఎవరు తింటున్నారంటే, పోలయ్య తింటున్నాడు! ఊళ్ళో పడవలన్నీ పోలయ్యవే. ముందు నూకాలు అరుగు మీద వల ఆరేశాడు. వల పక్కన మంచం వచ్చింది, మంచం కింద మేక వచ్చింది, మేక వెనక మేత వచ్చింది, మేత వెనక మేనల్లుడు వచ్చాడు! ఇదేమిటని ఇరుగుపొరుగు అడిగితే, పాడుపడ్డ ఇంట్లో దెయ్యాలు చేరతాయి, నేను దీపం పెడుతున్నానన్నాడు. కొడుకు రాములుకి సంబంధం కుదిరేసరికి తాళం బద్దలుకొట్టి, ఇది మా తాతలనాటి ఇల్లని పెళ్ళివారికి చూపించాడు. ఒరే చిట్టీ, చెల్లి మీంచి కాలు తియ్యి. ఊ కొడుతున్నారా?

ఇంతలో రంగంలో అప్పలసూరికి జబ్బు చేసింది. సొంతూరి గాలి తగిలితేగానీ తగ్గదన్నారు. ముందు ఇల్లు బాగుచేసి, తర్వాత ఆయన్ని తీసుకెళ్దామని నూకాలు ఒక్కతే ఓడెక్కింది.

వచ్చి చూస్తే వాకిట్లో ఎవరిదో ముగ్గు. ఒక కొత్తకోడలు బయటికొచ్చింది. ఆ పిల్లే దాలమ్మ, రాములు పెళ్ళాం.

“ఎవరు కావాలత్తా?” అంది.

“నా ఇల్లు కావాలమ్మా,” అంది నూకాలు. అనేసి అరుగు మీద కూలబడిపోయింది.

దాలమ్మ మంచినీళ్ళిచ్చి, మొగుణ్ణి పిలిచి నిలదీసింది. మా నాన్నే తాళం బద్దలుకొట్టాడని రాములు ఒప్పేసుకున్నాడు.

మర్నాడు రామకోవెల దగ్గర పెద్దలు కూర్చున్నారు. ఇల్లు నాదేనని పోలయ్య గుండె మీద చెయ్యేసుకున్నాడు. సాక్ష్యం చెప్పండని నూకాలు ఒక్కొక్కరినీ బతిమాలింది. పడవ పనివాళ్ళు నోరిప్పలేదు, వల పనివాళ్ళు నోరిప్పలేదు, పక్కింటివాళ్ళూ నోరిప్పలేదు. రేపు కూడు పోతుందని భయం.

అప్పుడు ఆడవాళ్ళలోంచి దాలమ్మ లేచింది.

“మావయ్యా, ఇది మనిల్లు కాదు. తాళం బద్దలుకొట్టారని మీ అబ్బాయే చెప్పాడు. ఇంకొకరి గడప మీద నేను పసుపు రాయలేను.”

పోలయ్య మొహం కందగడ్డయింది. నా గుమ్మం తొక్కకు పొమ్మన్నాడు. రాములు మెల్లిగా వచ్చి పెళ్ళాం పక్కన నిలబడ్డాడు. అది చూసి పక్కింటి ముసలాయన గొంతు సవరించుకున్నాడు. తర్వాత ఇంకొకరు, ఇంకొకరు. చివరికి ఊరంతా ఒకటే మాట: ఇల్లు నూకాలుది!

ఇల్లయితే వచ్చింది. కానీ ఆ పిల్లకి నిలువనీడ లేదే! నూకాలు దాలమ్మ చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకెళ్ళింది. “నేను మళ్ళీ రంగం వెళ్ళి మీ మావని తేవాలి. అందాకా ఇల్లు మీది. వచ్చాక పక్కగది మీదే,” అంది. ఈసారి పెద్దలందరి ముందూ మాట చెప్పి మరీ అప్పగించింది.

ఓడలో ఈసారి కంటినిండా నిద్రపోయింది. అప్పలసూరితో తిరిగొచ్చేసరికి ఇంటి కప్పు మీంచి పొగ లేస్తోంది, లోపల ఉయ్యాల్లో దాలమ్మ కన్న పసిగుడ్డు ఏడుస్తోంది. అన్నాళ్ళూ ఆ ఏడుపు వినడానికే నోచుకోని ఇల్లది. అప్పలసూరి గుమ్మంలోనే కళ్ళు తుడుచుకున్నాడు.

బారసాలనాడు పోలయ్య వచ్చాడు. మనవడి మీద మమకారం ఎక్కడికి పోతుంది? వాకిట్లోనే ఆగిపోయి, “లోపలికి రావచ్చా, నూకాలూ?” అన్నాడు.

“కాళ్ళు కడుక్కుని రా అన్నా,” అంది నూకాలు.

అదర్రా సంగతి. ఇంటికి తాళం చాలదు, మంచి మనిషి కావాలి. కథ కంచి దారి పట్టింది, మనం దుప్పట్లో దూరదాం.