మద్దితొర్రలో ఊరికే కూర్చున్న గోరువంకలు

ఎండలు ముదిరి చిన్నాచితకా వాగులన్నీ ఎండిపోయి, పెద్దగెడ్డ ఒక్కటే సన్నగా పారుతున్న రోజులవి. తూర్పు కొండల నడుమ ఉన్న ఆ అడవిలో అన్నిటికంటే ముఖ్యమైన చోటు ఏదని అడిగితే గెడ్డ రేవనీ, పులిగుహ అనీ మీరనుకుంటారు. రెండూ కావు. ఒక ముసలి మద్దిచెట్టు తొర్ర. గెడ్డకు దిగాలంటే ముందు పులి ఎటుందో తెలియాలి. ఆ సంగతి చెప్పేది ఆ తొర్రలోనే.

తొర్రను నడిపే పెద్దదిక్కు నూకాలమ్మ అనే ఏదుపంది. వరసలో తోపులాట మొదలైతే ఆమె ఒక్కసారి ఒళ్లు విదిలించేది. ఆ ముళ్ల చప్పుడుకు అడవిదున్నలు కూడా బుద్ధిగా సర్దుకునేవి. అయితే ఆమె అసలు స్వభావం ముళ్లలో లేదు, ఆరాలో ఉంది. ఏ పనైనా ఎందుకలా జరుగుతోందో తెలియకపోతే ఆమెకు తిన్న దుంప అరిగేది కాదు. చెదలు పైకే ఎందుకు పాకుతాయి, కప్ప అరిచేముందు గొంతెందుకు ఉబ్బిస్తుంది, ఇలాంటివి అడిగి అడిగి చుట్టాలందరినీ విసిగించిన ఘనురాలు.

తొర్రలో కబుర్లు చెప్పేవి గోరువంకలు. తెల్లారగానే కొన్ని అడవంతా తిరిగొచ్చి చూసింది మిగతావాటికి చెబుతాయి. అవి తొర్ర అంచున కూర్చుని వచ్చినవాళ్లు అడిగినదానికి జవాబిస్తాయి. అడవిలో మాటకంటే వాసనకు నమ్మకమెక్కువ. ఫలానా బండమీద తేనె ఉందంటే ఎలుగుకు సరిపోదు, ఆ తేనెపట్టు మైనం ముక్కు దగ్గర పెట్టాలి. అడవిపందికి దుంప తొక్క చూపించాలి. అందుకని ప్రతి గోరువంకా తన పక్కన ఒక మూట పెట్టుకునేది. అందులో మైనం, ఇప్పపువ్వు, దుంప తొక్క, పుట్టమన్ను, పులి వెంట్రుక, ఇంకా ఏమేమో. ఎవరేమడుగుతారో తెలియదు కాబట్టి అందరి దగ్గరా అన్నీ ఉండేవి.

మామూలు రోజుల్లో ఇదంతా హాయిగా సాగిపోయేది. ఈ ఏడు మాత్రం నీళ్లు ఒక్కచోటే మిగలడంతో అడవి అడవంతా మద్దిచెట్టు దగ్గరికే వచ్చిపడింది. వరస చెట్టు దాటి, బండ దాటి, వెదురుపొదల్లోకి పోయింది. పొద్దున నిలబడినవాళ్లకు పొద్దు వాలేదాకా కబురందడం లేదు.

చుక్కలజింక పైడమ్మ మగడు అలాగే నిలబడి నిలబడి, దాహానికి తాళలేక, కబురు తెలియకుండానే గెడ్డకు దిగాడు. మళ్లీ రాలేదు. ఇప్పుడు పైడమ్మ పసిదాన్ని వెంటబెట్టుకుని అదే వరసలో నిలబడుతోంది. నూకాలమ్మను పల్లెత్తు మాట అనలేదు. అననందుకే నూకాలమ్మకు మరీ కష్టంగా ఉంది. తన గుమ్మం ముందు నిలబడినవాడు తన ఆలస్యం వల్ల పోయాడు. ఈ తల్లీపిల్లలు కూడా అలాగే పోతే తానింకెందుకని ఆమె కుమిలిపోయింది.

అలాంటప్పుడు సలహా పట్టుకుని గవరయ్య వచ్చాడు. గవరయ్య నక్క. అడవిలో ఎవరింట ఏ చిక్కొచ్చినా పిలవకుండానే వచ్చి కూర్చుని, తలాడిస్తూ వినే పెద్దమనిషి.

"అప్పా, ఇందులో ఆలోచించడానికేటుంది? మనుసులు చాలక వరస ఆగిపోతన్నాది. ఇంకో గుంపు గోరువంకల్ని పెట్టీయి. అయినా చాలకపోతే ఇంకో గుంపు. జనం పెరిగితే చేతులు పెంచాల గానీ, ఇలగ దిగులడిపోతే ఎలగ?"

మాట సబబుగానే తోచింది. నూకాలమ్మ కొండ అవతలి గోరువంకల్ని రప్పించింది. అవి మూటలతో సహా దిగాయి. తొర్ర కిక్కిరిసిపోయింది. ఒకదాని రెక్క ఇంకోదాని కంట్లో పొడిచింది. మూటలు పెట్టడానికి చోటు లేక, కొన్నింటిని దూరంగా ఉన్న పుట్టమీద పెట్టించారు. దానితో ఎవరైనా ఏదైనా అడగ్గానే గోరువంక పుట్టదాకా ఎగిరిపోయి, మూటలన్నీ కెలికి, తనదేదో వెతుక్కుని, కావలసింది ముక్కున కరుచుకుని తిరిగిరావడం మొదలైంది. వచ్చేసరికి దాని చోటులో ఇంకోటి కూర్చుని ఉండేది. అక్కడొక తగువు.

సాయంత్రానికి వరస వెదురుపొదలు కూడా దాటిపోయింది.

గవరయ్య మళ్లీ వచ్చి, అయితే ఇంకో గుంపును పెట్టమన్నాడు. నూకాలమ్మ సరేనంటూ తలూపింది కానీ, లోపల ఆరా మొదలైంది. ముక్కులు పెరిగితే జవాబులు పెరగాలి కదా. తగ్గాయేమిటి? ఈ లెక్క ఆమెకు మింగుడుపడలేదు. మర్నాడు పొద్దున్నే ఎవరికీ కనబడకుండా మద్ది వేళ్ల సందున దూరి, తొర్ర అంచుకేసి చూస్తూ కూర్చుంది. అన్నిటినీ చూస్తే ఏమీ తెలియదని, బంగారి అనే ఒక్క గోరువంకనే పట్టుకుని చూసింది.

బంగారి ముందుకు అప్పలస్వామి అనే కణుజు వచ్చాడు. కొమ్ములు ఎంత పెద్దవో మాటలు అంత పొడవు. పులెటుందని అడిగాడు. గెడ్డ మలుపు తిరిగే పెద్దవంక దగ్గర ఉందనీ, ఎగువ రేవుకు వెళ్లమనీ బంగారి చెప్పింది. జవాబు రెప్పపాటులో అయిపోయింది. తర్వాత బంగారి అలాగే కూర్చుంది. అప్పలస్వామీ అలాగే నిలబడ్డాడు. తన మామగారి కొమ్ములు ఎంత పెద్దవో చెప్పాడు. ఆ కొమ్ములు పుటుక్కున ఊడిన వైనం చెప్పాడు. చెట్టుకు వీపు గోక్కున్నాడు. వెనకాల పైడమ్మ బిడ్డ నాలుక బయటపెట్టి రొప్పుతోంది. చివరికెప్పుడో అప్పలస్వామి "మరి ఉంతానమ్మా" అని కదిలాడు. అప్పుడు గానీ బంగారి తల ఇంకోవైపు తిప్పలేదు.

నూకాలమ్మ పక్క గోరువంకను చూసింది. అదీ అంతే. దాని పక్కదీ అంతే. తొర్ర అంచు నిండా గోరువంకలు. జవాబులు చెబుతున్నవి వాటిలో ఏ ఒకటో రెండో. మిగిలినవన్నీ జవాబు చెప్పేసి ఊరికే కూర్చున్నాయి.

ఆమె వేళ్ల సందులోంచి బయటికొచ్చి బంగారిని పక్కకు పిలిచింది.

"ఒలే బంగారీ, జవాబు సెప్పీసినాక ఇంకా ఎందుకే అలగ కూకుంతావు?"

బంగారి తెల్లబోయింది. "అదేటమ్మా, వొచ్చినోలు 'ఉంతాను' అనకుండా మనం ఎలగ లేత్తాం? మరియాద కాదు. మీ అత్తగారు పెట్టిన పద్ధతే గదా. ఆలకి ఇంకో మాట గుర్తొత్తాదేమో, అప్పుడు మల్లీ ఎనక్కెల్లి నిలబడాల గదా పాపం."

ఇందులో అత్తగారి తప్పేమీ లేదు. ఆమె తొర్ర నడిపిన రోజుల్లో పొద్దంతా కలిపినా తొర్రకు వచ్చేవాళ్లు గుప్పెడు మంది. వచ్చినవాళ్లను కాసేపు కూర్చోబెట్టి, గుర్తొచ్చిన రెండో మాటకూ జవాబిచ్చి సాగనంపితే చూడముచ్చటగా ఉండేది. ఆ మర్యాదే ఇప్పుడు వెదురుపొదల అవతల నిలబడ్డవాళ్ల ప్రాణం తీస్తోంది. వచ్చినవాడు వెళ్లేదాకా గోరువంక వాడిదే. దాని మూటకు పట్టిన చోటు కూడా వాడిదే.

ఆరా మొదలైతే ఒకచోట ఆగదు. ఇంతకీ వచ్చినవాళ్లు అడుగుతున్నదేమిటని నూకాలమ్మ చెవులు రిక్కించి వింది. జింక అడిగింది, పులెటుంది. దున్న అడిగింది, పులెటుంది. కుందేలు, కొండముచ్చు, ముళ్లంటే భయంతో దూరంగా నిలబడ్డ మనుబోతు, అందరిదీ ఒకటే మాట. తేనె గురించి అడిగిన ఎలుగు ఏ పూటకో ఒకటి. మరి ఇన్ని మైనం ముక్కలు, ఇన్ని దుంప తొక్కలు ఎవరికోసం మోస్తున్నట్టు?

అలా వింటూ వింటూ ఉంటే ఇంకో విచిత్రం తట్టింది. అడవిలో పులెటుందని అడగని ప్రాణి ఒక్కటే ఉంది. గవరయ్య. రోజూ తొర్ర దాకా వస్తాడు, వరస పొడవు చూస్తాడు, అయ్యో అంటాడు, వెళ్లిపోతాడు. ఒక్కరోజూ అడగలేదు. నక్క మాంసం పులికి చేదేమీ కాదే. మరి భయం లేదెందుకు?

ఆ సాయంత్రం గవరయ్య వెళుతుంటే బంగారిని పైనుంచి వెంట పంపింది. బంగారి తిరిగొచ్చి చెప్పింది విని నూకాలమ్మ ముళ్లన్నీ నిక్కబొడుచుకున్నాయి. గవరయ్య నేరుగా పులి దగ్గరికే వెళ్లాడట. వరస ఎంత పొడవుందో, ఎవరెవరు దాహానికి ఆగలేక ఎటు దిగుతారో దొరగారికి విన్నవించాడట. దొరగారు తిన్నాక మిగిలింది తన వాటాకు తెచ్చుకుంటున్నాడట. పైడమ్మ మగణ్ణి చూపించింది కూడా అతనే.

నూకాలమ్మకు ఏడుపొచ్చింది, కోపమొచ్చింది. వెంటనే వెళ్లి నక్కను ముళ్లతో జల్లెడ చేద్దామనుకుంది. కానీ దానివల్ల వరస తగ్గదు, పులి చావదు. కళ్లు తుడుచుకుని పనిలో పడింది.

కొండ అవతలి గోరువంకలకు దణ్ణం పెట్టి ఇంటికి పంపింది. తనవాటిలో కూడా తొర్రలో ఇరుకు లేకుండా పట్టినన్ని ఉంచి, మిగతావాటిని పులి కదలికలు చూసి రావడానికి మళ్లించింది. మూటలన్నీ విప్పించి, అందరికీ కలిపి ఒకే మూట కట్టి తొర్ర నడుమ పెట్టింది. కావలసినవాళ్లు ముక్కు చాస్తే అందుతుంది. పుట్టదాకా ఎగిరే పనే లేదు. ఇక పులి మాట తొర్రలో అడగనక్కరలేకుండా, వరస మొదట్లోనే బండమీద పచ్చికొమ్మ ఒకటి పెట్టించింది. కొమ్మ మొన ఎటు తిరిగి ఉంటే పులి అటు. నమ్మకానికి దాని కింద పులి వెంట్రుక. పులి కదిలితే గోరువంక వచ్చి కొమ్మ తిప్పేస్తుంది. చూసినవాడు చూసినట్టే గెడ్డకు వెళ్లొచ్చు.

చివరిగా మర్యాద సంగతి. ఇకమీదట జవాబు చెప్పగానే గోరువంకే "ఇంకేటైనా ఉందా బాబూ?" అని అడగాలి. ఉంటే చెబుతుంది, లేకపోతే వెనకవాణ్ణి పిలుస్తుంది.

దీనికి మాత్రం గొడవైంది. అప్పలస్వామి కొమ్ములు ఊపుతూ, నాలాంటివాణ్ణి పొమ్మంటారా, మీ అత్తగారుంటే ఇలా జరిగేదా అని రంకెలేశాడు. నూకాలమ్మ అతనితో వాదించలేదు. పైడమ్మ బిడ్డను తెచ్చి అతని ముందు నిలబెట్టింది.

"మామా, నువ్వు కబుర్లాడినంత సేపూ ఈ గుంట ఎండలో నిలబడతాది. దీని అయ్య అలగే నిలబడి పోయినాడు. ఇప్పుడు సెప్పు, ఇంకా ఏటైనా అడగాలా?"

అప్పలస్వామి బిడ్డను చూశాడు. ఎండిపోయిన దాని పెదవులు చూశాడు. అడగాల్సిందేమీ లేదని గొణిగి, తనే పక్కకు జరిగి, దానికి దారిచ్చాడు.

ఈ ఏర్పాట్ల సంగతి ఇంకా చెవిన పడకముందే గవరయ్య రానే వచ్చాడు. నూకాలమ్మ ఎదురెళ్లి, వరస కనబడకుండా అతన్ని చెట్టుకు ఇవతలే కూర్చోబెట్టి, తల పట్టుకుంది. తమ్ముడి మాట విని ఇంకో గుంపును దింపాననీ, తొర్రలో ఈగ దూరే సందైనా లేదనీ, ఇవాళ ఎవరికీ కబురందే ఆశ లేదనీ చెప్పుకుంది.

"ఇంక ఆల్ని నాను ఆపలేను తమ్ముడూ. పొద్దు వాలితే మందంతా గుడ్డిగా పెద్దవంకకి దిగిపోతాది."

గవరయ్య అయ్యయ్యో అన్నాడు. అంటూనే లేచాడు. ఏదో పనుందని చెప్పి, పొదల చాటుకు వెళ్లేదాకా మెల్లగా నడిచి, ఆ తర్వాత పరుగందుకున్నాడు. దొరగారూ ఇవాళ మందకు మందే మీది, ఆకలి బాగా దాచుకోండి, అప్పటిదాకా ఏమీ ముట్టకండి అని పులికి చెప్పాడు. పులి పెద్దవంక పొదల్లో చేరి కూర్చుంది. పక్కనే గవరయ్య.

పైన ఎగురుతున్న బంగారి అది చూసింది. బండమీది కొమ్మ పెద్దవంకకేసి తిరిగింది.

ఆ పూట అడవంతా ఎగువ రేవులో కడుపునిండా నీళ్లు తాగింది. పైడమ్మ బిడ్డ తాగి తాగి, ఇంక చాలని తల్లి ముక్కుతో నెడుతున్నా వినక, ముందుకాళ్లు నీళ్లలో పెట్టుకుని నిలబడింది. మద్దిచెట్టు దగ్గర వరస లేదు. తేనె కోసం వచ్చిన ఒకే ఒక్క ఎలుగు, ఇదేమిటి ఇవాళ సెలవా అని అడిగి, మైనం వాసన చూసుకుని వెళ్లింది.

పెద్దవంకలో ఎండ తగ్గింది. నీడలు సాగాయి. రేవులోకి ఒక కుందేలు కూడా రాలేదు. పులి కడుపు గుర్రుమంది. గవరయ్య ఇదిగో వస్తారు దొరా, అదిగో వస్తారు దొరా అంటూ మెల్లమెల్లగా వెనక్కి జరగసాగాడు.

"ఎక్కడికి గవరయ్యా?" అంది పులి.

"ఎందుకు ఆలస్యమైందో కనుక్కొత్తాను దొరా."

"ఎంత పెద్ద మందైనా నాకు కావలసింది ఒక్కటే గదా. అది వొచ్చే ఉన్నాది."

ఆ సాయంత్రం తర్వాత అడవిలో ఎవరికీ గవరయ్య సలహా వినే అవసరం రాలేదు.

నీతి: చేతులు చాలడం లేదని కొత్త చేతులు తెచ్చేముందు, ఉన్న చేతులు దేన్ని పట్టుకుని ఊరికే కూర్చున్నాయో చూసుకోవాలి.