కుందనకు ఆటిజం నిర్ధారణ చేయించిన వ్రత కథ

అక్షతలు చేతబట్టి, సెల్లులు కట్టివేసి, ఈ కథ వినవలెను.

పూర్వము కుశాంగుడను ముని మితవాక్కు అను మునిని దర్శించి, కలియుగమున కొందరు బిడ్డలు పిలిచినను పలుకరనియు, చుట్టములు మాత్రము పిలువకున్నను పలుకుదురనియు, ఆ తల్లిదండ్రులు ఏ వ్రతముచే గట్టెక్కుదురనియు అడిగెను. మితవాక్కు ఇట్లు చెప్పెను.

గంధవరమను పట్టణమున సత్తిరాజను ట్యూషన్ మాస్టారు కలడు. పదవ తరగతి మూడుమార్లు తప్పినవారిని సైతము పాసు చేయించెదనని బోర్డు కట్టుకొనెను. అతని భార్య వరాలు. కూతురు కుందనకు ఆరేండ్లు. ఆ పిల్ల సీసా మూతలను రంగుల వారీగా పేర్చును. కుక్కరు కూసిన మంచము కింద దూరును. బడిలో గంట మ్రోగిన తన మణికట్టు తానే కొరుకుకొనును. వచ్చిన మాటలు రెండే: అమ్మ, మూత.

ఆటిజమేమో చూపించుడని పంతులమ్మ చెప్పెను. సత్తిరాజు తల్లి మంగతాయి ఒప్పుకొనలేదు.

"మీ నాన్నకి పెళ్ళయ్యేదాకా మాటల్లేవురా. అయ్యాక అసలే లేవు. దీనికి వస పొయ్యండి, అదే వస్తుంది."

వస పోసిరి. పిల్ల కక్కెను. తాయెత్తు కట్టిరి. పిల్ల తెంపెను. మణికట్టు పుండయ్యెను.

అప్పుడు వరాలు పోరగా వైద్యురాలి వద్దకు పోవ నిశ్చయించిరి. అయితే బల్లకు ఆవల కూర్చుని ప్రశ్నలడుగువారు ఎవరైనను వారి ముందు తప్పరాదన్నది మాస్టారి వృత్తిధర్మము. నలువది దినములు పిల్లకు కోచింగు ఇచ్చెను. గడ్డము పట్టి కళ్ళలోకి చూడ నేర్పెను. వైద్యురాలి వద్దకు పోవు దినమున తన తల్లి మంగతాయిని నీళ్ళ బిందెతో ఎదురు రమ్మనెను. వైద్యురాలు ఏమడిగినను వరాలు నోరు తెరచులోపల తానే బదులు చెప్పెను: నిద్ర భేషు, తిండి భేషు, అల్లరి సున్న. మీరు చెప్పినదానినిబట్టి ఏమియు తేల్చలేను, మరల రండని ఆమె అనగా, దానిని పాసుగా నెంచి వీధి యంతయు జిలేబీలు పంచెను.

ఆ వారముననే కుందనకు ఉన్న రెండు మాటలును పోయెను. మణికట్టు కొరుకుట మానలేదని బడివారు ఇంటికి పంపివేసిరి.

"మీ ట్యూషను తగలెయ్య! పాసైందిగా? మరి నన్ను అమ్మా అని ఎందుకనట్లేదండీ?" అని వరాలు జిలేబీ పొట్లము విసరికొట్టెను.

అంతట వరాలు వ్రతము పట్టెను. ఇరువదియొక్క దినములు పిల్ల చేసినదెల్ల, దాచక, దిద్దక, పుస్తకమున వ్రాసెను. మాస్టారికి నియమ మొక్కటే: వైద్యురాలి గదిలో నోటినిండ కిళ్ళీ. అట్లు మరల పోగా, కుందన బల్ల కింద దూరెను. వైద్యురాలును దూరెను. రెండు దినములు అక్కడనే కూర్చుని చూచి, పుస్తకమంతయు చదివి, ఇది ఆటిజమనియు, ఎవరి తప్పును కాదనియు చెప్పెను.

మాస్టారు కిళ్ళీ మింగివేసి, "ఎన్ని మార్కులండీ?" అనెను.

"మార్కులుండవు మాస్టారూ. పాపకి ఏది కష్టమో తెలిసింది, అంతే."

వైద్యురాలు వ్రాసియిచ్చిన కాగితము చూచి బడివారు మరల చేర్చుకొనిరి. గంట కొట్టకముందే కుందనను బయటకు పంపసాగిరి. మణికట్టు పుండు మానెను. ఎనిమిదవ నెలలో 'అమ్మ' అనెను. తల్లివైపు చూచి కాదు, చేతిలోని మూతవైపు చూచి. వరాలు వంటింటిలోకి పోయి చాలసేపటికి గాని రాలేదు.

ఈ వ్రతము పిలిచినను పలుకని బిడ్డల తల్లులు చేయవలెను. తండ్రులు కిళ్ళీతో చేయవలెను. మా వాళ్ళలో ఇలాంటివి లేవనెడి నాయనమ్మలు ఉపవాసముండి చేయవలెను. చేసినవారికి బిడ్డ ఫస్టున రాదు, అష్టైశ్వర్యములు రావు. బిడ్డ ఏల ఏడ్చుచున్నదో తెలియును.

ఇక అక్షతలు. పిల్ల తలపై వేయబోకుడు, ఆమెకు కిట్టదు. తల్లి తలపై వేయుడు.